జాజుగీతలు

నా పెనిమిటి అంగి జేబుల ఎప్పుడూ ఒక చిన్న బుక్కుంటది.
అట్ట మీద ఆవు బొమ్మ, ఆవు మీద చెమట మరక.
సుక్కబర్రె దాణా ముట్టలేదని,
పెంటయ్యోళ్ల లేగ రెండు రోజుల సంది పారుకుంటుందని,
జంగమ్మ ఎద్దు ఎడమ చెవి వాలేసిందని
రాసుకుంట పోతడు.
పశువుల డాక్టరు చండూరు నుంచి
బేస్తారం ఒక్కనాడే వస్తడు.
మిగిలిన ఆరు రోజులు ముత్తిలింగం బుక్కే డాక్టరు.

నాకు అచ్చరాలు రావు,
ఓటుకాడ పెట్టే నా పేరు తప్ప.
నాకు గోడ ఉంది.
వంటింటి తలుపెనుక, ఉట్టి కింద,
జాజుల ముంచిన పుల్లతోని దినాం ఒకటి గీస్త.
ఒంగి చెప్పులేసుకుంటే నిలువు గీత.
అరుగు మీద కూసోని ఏసుకుంటే అడ్డ గీత.
నన్ను పిలిస్తే సున్న.

ఇది ఆయన నేర్పిన సదువే.
"రోగం ముందుగాల నడకల దిగుతది" అంటడు,
"నోరు లేనిది కాళ్లతోని మాట్లాడతది.
మంద పోతుంటే ముందటిదాన్ని కాదు,
ఎనుకబడ్డదాన్ని చూడు."
చూసిన.
మాల్ అంగడి నుంచి వచ్చేటోళ్లల్ల
అందరికన్న ఎనుక వచ్చింది ఆయనే.

బోరు నీళ్లు మా పండ్ల మీద ముందే రాసినయి,
ఇప్పుడు మోకాళ్లల్ల రాస్తున్నయి.
ఇంటింటికి నల్లా వచ్చింది, నీళ్లు మంచియే.
ఎముక పాతదే కదా.

మొన్న సుక్కబర్రె ఈనింది.
రాత్రంత ఆయన కొట్టంల, టార్చిలైటు పండ్ల నడుమ.
తోక ఎన్నిసార్లు లేపింది, ఎన్నిసార్లు పండింది,
గంటగంటకు రాసిండు.
నేను గడపల కూసోని
రాసేటోన్ని లెక్కబెట్టిన.
బర్రె పదకొండుసార్లు లేచింది.
ఆయన నాలుగుసార్లు,
నాలుగోసారి గుంజ పట్టుకొని.
తెల్లారంగ ఆడదూడ,
ముంగాళ్లు మడిచి, లేచి, పడి, మళ్ల లేచి.
"చూసినవా, ఎట్ల నిలబడ్డదో" అన్నడు నవ్వుకుంట.
చూసిన, చూసిన. అన్నీ చూసిన.

తర్వాత ఒక వారం అన్ని నిలువు గీతలే.
మొక్కు తీర్సుకుందామనుకున్న.
అప్పుడు యాదికొచ్చింది ఆయన మాటే:
"కోడి సుత రోగం దాస్తది.
మనం చూస్తుంటే గింజలేరుతది,
కన్ను మర్లితే ముడుసుకుంటది."
శనారం పొద్దుగాల ఎనుకబడి పోయిన.
చెప్పులు చేతుల పట్టుకొని
గడ్డివాము చాటుకు పోయిండు,
రాతి మీద కూసోని తొడుక్కుంటుండు.
చప్పుడు చెయ్యకుంట వచ్చి
వారం గీతలన్ని తడిగుడ్డతోని తుడిచిన.
అబద్ధం లెక్క నా గోడ మీద ఎందుకు?

నిన్న ఉప్పు కోసం వచ్చి చూడనే చూసిండు.
"ఇదేందే?"
"పాల లెక్క."
పాల లెక్క తెలిసినోడు,
చాలాసేపు నిలబడ్డడు.
"సున్నలు మస్తున్నయి."
"కొమ్ముబర్రె ఒట్టిపోతుంది" అన్న.
ఊఁ అన్నడు. ఉప్పు మరిచిపోయి పోయిండు.

పగటీలి అంగి ఉతకబోతే
బుక్కు జారి బండ మీద పడ్డది.
నాకేం రాదు, ఊకెనే తిప్పిన,
పసుపు వాసన, పెండ వాసన, సిరా.
సుక్కబర్రె కాగితానికి అవతల
నాకు తెలిసిన ఒక్క మాట: ఈదమ్మ.
ఇంకో కాగితం మీద, మళ్ల ఈదమ్మ.
మళ్ల.
పేరు పక్క ఏం రాసిండో.
పిలగాండ్లను పిలిచి చదివించుకుందునా అనుకున్న,
చదివించలే. జేబులనే పెట్టి అంగి పక్కకేసిన.

పొద్దూకినంక కుడితి బకెట్టు ఎత్తుకొని
దూడ తల్లి దిక్కు పోతున్న.
నడుం మీద చెయ్యి ఎప్పుడేసుకున్ననో
నాకే తెల్వది.
అరుగు మీద ఆయన,
పెన్ను టోపీ తీసిన చప్పుడు.