మూలమట్టం లేని పని

పాత్రో బాబు ఇంటికని కోసిన గుగ్గిలం చెక్కలు
మూడు వానాకాలాలు మా దొడ్డి గోడకు చేరబడి నిలుచున్నాయి.
ఆయన ఇనప తలుపులు పెట్టించేసుకున్నాడు, బరంపురం నుంచి,
లారీలో, ఒక్క పూటలో.
బయానా తిరిగి అడగలేదు. చెక్కలూ అడగలేదు.

వీటితో ఏటి చేస్తావని సుందరి అడిగితే
పడవ, అన్నాను.
నోట్లోంచి మాట ముందొచ్చింది,
భయం ఆ రాత్రికి వచ్చింది.

నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన చెయ్యి.
రంభలో సగం మంది నా గడపలు దాటే ఇంట్లోకి పోతారు.
మూలమట్టం ఆనించి, ఒంటికన్నుతో చూసి
వెంట్రుకవాసి తప్పైనా చెప్పేస్తాను.
పడవలో మూల లేదు.
ఎక్కడ పెట్టినా మట్టం కింద వెలుగు కనిపిస్తుంది.
మొదటి వారం ఆ వెలుగుని తిట్టుకున్నాను.
రెండో వారం మట్టాన్ని తీసుకెళ్ళి చూరులో దోపేశాను.

ఇక వంచడం.
తడిగోనె చుట్టి, కింద ఊకమంట పెట్టి,
కొసకి తిరగలిరాయి వేలాడదీసి సాయంత్రం దాకా కాపలా.
ఒకటి ఫెళ్ళుమని విరిగింది. వీధంతా వినపడింది.
పక్కింటి దండాసి గోడ మీంచి తల పెట్టి
పడవేనా ఆచారీ, పాడె కాదుకదేటి, అన్నాడు.
రెండిటికీ మోయడానికి నలుగురు కావాలి,
నువ్వుంటావు కదా, అన్నాను.

సందుల్లో దూది కుక్కి
గుగ్గిలం నూనెలో కాచి పోశాం.
మేం గుగ్గిలం అనేదాన్నే వాళ్ళు ఝుణా అంటారు.
ఘన బెహెరా పొయ్యి దగ్గర గొంతుక్కూచుని కలుపుతూ
ఆ చెట్టు పాలే ఆ చెట్టు పగుళ్ళకి, అన్నాడు.
ఒడియాలో అన్నాడు.
నేను తెలుగులో ఊఁ కొట్టాను.

టుకునా తెచ్చిన ఇంజను అయిదు గుర్రాలది,
మొన్నటిదాకా ఎవరిదో వంగతోటకి నీళ్ళు తోడేది.
లోపల కందిరీగ గూడు.
కడిగి, నాజిల్ మార్చి, తోకలాగా పొడుగాటి షాఫ్టు తగిలించి
హ్యాండిల్ తిప్పాడు.
మా కోళ్ళన్నీ పెంకులెక్కాయి.

ఆకుపచ్చ రంగు మూడు పూతలు.
పాత్రో బాబు సింహద్వారానికని చెక్కిన తామరపువ్వు
లోపలి వైపు, కూర్చునే బల్ల పక్కన పడింది.
దాని మీదికి కుంచె తెస్తుంటే
సుందరి అరచెయ్యి అడ్డం పెట్టింది.
ఆ చెయ్యి రెండు రోజులు ఆకుపచ్చగానే ఉంది.

నలుగురు చాల్లేదు, పన్నెండుమంది మోశారు.
జెట్టీ పక్కన కొబ్బరికాయ కొట్టి దింపాం.
గంట తిరక్కుండా అడుగున జానెడు నీరు.
నా తలుపు సందులోంచి వానచుక్క దూరిందని
ఒక్కరన్న మాట లేదు ఈ ఊళ్ళో.
తల ఎత్తలేకపోయాను.
ఘన బెహెరా ఇంజను విప్పించి, రాళ్ళు తెమ్మన్నాడు.
ముంచెయ్, అన్నాడు.
తాగనీ. దాహం తీరితే అదే నోరు మూసుకుంటుంది.

ఏడాది పని మీద నా చేతులతో నేనే రాళ్ళు పేర్చాను.
అది అలా ఆకుపచ్చగా కిందికి దిగి, బూడిదరంగై, ఆగింది.
మూడు రాత్రులు గట్టునే పడుకున్నాను.
సుందరి క్యారేజీ పట్టుకొచ్చి, నీళ్ళకేసి చూసి
జ్వరం మనిషి పక్కన మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడేది.
తామరపువ్వు మీద రొయ్యపిల్లలు తిరిగాయి.

నాలుగో పొద్దున రాళ్ళు తీసి బిందెలతో తోడాం.
తోడడం ఆపాం. నీరు పెరగలేదు.
అతుకతుకూ బొటనవేలితో రాసి చూశాను,
సందులు ఎక్కడుండేవో ఆలోచించుకోవాల్సి వచ్చింది.

పక్షుల దీవి దాకా పోయి వచ్చాం ఇద్దరం.
ఇంజను చప్పుడుకి ఏమీ వినపడదు.
నడిచిలకలో సుందరి నావైపు వంగి ఏదో అంది,
నేను తలాడించాను.
ఒడ్డుకొచ్చాక అడిగాను, ఏమన్నావని.
ఇంటి తలుపు గడియ పెట్టేవా అని అడిగాను, అంది.