ఎర్రచుక్క వెలిగేలోపు

గాంధీరోడ్డులో ఢిల్లీబాబు అంగడి.
అద్దాల బీరువాలోంచి తీసి నా చేతిలో పెట్టినాడు.
కొత్త ఫ్లాష్. పద్నాలుగువేల ఎనిమిదొందలు.
"నీకు కాబట్టి పద్నాలుగు సామీ."
గుండ్రటి తల, లోపల లిథియం బ్యాటరీ,
ఒక్క చార్జింగుకు ఆరొందల మెరుపులు.
నొక్కితే మెరుపు, మళ్లీ నొక్కితే మళ్లీ మెరుపు,
మధ్యలో ఊపిరి పీల్చుకోదు.

నాది పీలుస్తుంది.
పదకొండేళ్లుగా పీలుస్తానే ఉంది.
నాలుగు పెన్సిల్ సెల్లులు, మూత జారకుండా రబ్బరుబ్యాండు,
అది మా ఆవిడ పూలపొట్లానికి వచ్చిందే.
ఒకసారి వెలిగినాక కీ... అని దోమ మాదిరి సన్నంగా ఏడ్చి
వీపు మీద ఎర్రచుక్క వెలిగేదాకా
నాలుగు సెకన్లు.
సెల్లు నీరసపడితే ఏడు.

ఆ ఏడే కొంప ముంచింది మొన్న జాతరలో.
తెల్లారుజామున గంగమ్మ గుడి ముందర
విశ్వరూపం చెంప నరికే గడియ.
అంతకుముందే వేషాల కుర్రోళ్లను ఒగ క్లిక్కు కొట్టుంటి,
ఊరికే, ముచ్చటేసి.
కీ... అంటా ఉండగానే చెంప తెగింది, జనం విరగబడింది.
చుక్క వెలిగేసరికి అమ్మ లేదు,
మట్టికోసం చాచిన చేతులే ఉండాయి.
పేపరోళ్లకు ఫోటో ఇస్తానన్న మాట
ఆ మట్టిలోనే ఎవురో పట్టుకోని పోయినారు.

ఇంకొగ సంగతి. దీని మొగమ్మీది ప్లాస్టిక్కు పసుపెక్కింది.
కొండ దిగొచ్చినోళ్లను స్టేషన్ కాడ వరసగా నిలబెట్టి తీస్తే
గంధం పూసిన గుండ్లు నాలుగు, ఐదు, చంటోడిది కలిపి ఆరు,
మాగిన బేనీషా కాయల మాదిరి వస్తాయి.
"అన్నా, ఇది కలర్ తప్పు" అంటాడు మునిచంద్ర,
కంప్యూటర్లో కడిగేస్తానంటాడు.
తప్పే.
పీలేరు నుంచి వచ్చిన అవ్వ మాత్రం మనవడి ఫోటో చూసి
"ఎట్ల నిగనిగలాడతా ఉండాడో" అని
ఇరవై రూపాయలు జాస్తి ఇచ్చిపోయింది.

కొత్తదాంతో అంగట్లోనే ఢిల్లీబాబును తీసి చూసినా.
గడ్డంలో నెరుపు లెక్కపెట్టొచ్చు.
కంటికింద నల్లగా రెండు నెలల బాడుగ బాకీ.
"బాగుంది గదా" అన్నాడు,
తెర వైపు చూడకుండానే.

స్కూటర్ మీద లెక్కలు:
శ్రావణంలో ఏడు పెళ్లిళ్లు ఖాయం, రెండు అనుమానం,
మునిచంద్ర జీతం, పెద్దదాని కాలేజీ ఫీజు,
లీలామహల్ సర్కిల్ వచ్చేసరికి లెక్క కుదిరిపోయింది.
అయినా బండి నిదానంగానే పోతా ఉంది.

మెరుపుకు ముందర మనుషులు ఒగ మొగం తెచ్చి పెట్టుకుంటారు.
అయిపోయినాక దించేస్తారు.
దించినాక ఉండే మొగాలు నేనొక్కణ్ణే చూసినా ఇన్నేళ్లు.
మేనమామ నవ్వు జారిపోయి చెప్పులు ఎతుక్కోడం,
పెళ్లికూతురు బాసికం దారం కింద గోరుతో గీరుకోడం,
మాటల్లేని అన్నదమ్ములిద్దరు
ఫోటోకని భుజాలమీద వేసుకున్న చేతులు
ఎప్పుడు తియ్యాలో తెలీక ఇంకొంచేపు అట్లే పెట్టుకోనుండడం.

ఇవి తియ్యలేకపోతినే అని ఒగప్పుడు కుళ్లినా.
ఇప్పుడు తీసేయొచ్చు.
పద్నాలుగువేలకు, మొగమాటం లేని వెలుతురు.
వాళ్లు నాకిచ్చింది మొదటి మొగమే గదా.
రెండోది చూస్తా ఉంటే వద్దనలేదు, అంతే.

నిన్న తిరుచానూరులో నాలుగున్నర ముహూర్తం.
"కొట్టబ్బా, ఇంకొగటి కొట్టు" అని పెళ్లిపెద్ద అరుస్తా ఉండాడు.
"ఉండు సామీ, రానీ."
కీ...
మూడోముడికి వంగిన ఆడబిడ్డ
పెళ్లికూతురు చెవిలో ఏందో అనింది.
ఇద్దరూ పక్కున నవ్వినారు, నోరంతా తెరిచి.
ఎర్రచుక్క వెలిగింది. నొక్కినా.
అప్పటికి ఇద్దరూ మొగాలు సర్దేసుకోనుండారు.
ఆల్బమ్‌లో ఆ ఫోటో బాగానే ఉంటుంది.

ఇంతకీ చెప్పలేదు గదా,
ఢిల్లీబాబుకు రెండువేలు అడ్వాన్సు ఇచ్చే వచ్చినా.
శుక్రవారం దాకా గడువు.
ఈ పొద్దు గురువారం.
పాత సెల్లులు నాలుగూ చార్జింగుకు పెట్టినా,
వంటింట్లో, మిక్సీ పక్కన.