కళాయి

పొగతోట ఆసుపత్రి మూడో అంతస్తులో
గాజు గొట్టాల మధ్య నా ఉద్యోగం.
ఈ పొద్దు వచ్చిన నూట నలభై గొట్టాల్లో
ఒకదాని మీద: షేక్ కాలేషా, అరవై రెండు, మగ.
మా అబ్బ నెత్తురది.
చీటీ అంటించింది నేనే.

కోటమిట్టలో కొలిమి పెట్టుకుని
నలభై ఏళ్ళు ఊరి గిన్నెల కడుపులు తెల్లగా చేశాడు.
నెల్లూరు ఇళ్ళలో పులుసు లేని పొద్దుండదు.
కళాయి పోయిన గిన్నెలో కాస్తే
తెల్లారేసరికి చేప ముక్క చుట్టూ పచ్చటి చిలుము,
తిన్నవాళ్ళకి వాంతులు.
"రాగి చెడ్డది కాదు బేటీ,
దానికీ పులుపుకీ మధ్యన ఒక పొరుండాల, అంతే"
అనేవాడు నవాసారం పొగలో దగ్గుతా.
కరిగిన తగరం మీద దూది తిప్పేవాడు,
గిన్నె లోపల చందమామ పొడిచేది.

స్టీలొచ్చింది. కొలిమి చల్లారింది.
టీ అంగడి బల్ల మీద రోజుకి ఆరు టీలు,
ఆ బల్ల మీదే షుగరూ వచ్చి పక్కన కూర్చుంది.
ఆ తర్వాత ఒక రాత్రి
గుండె మీద ఎవరో దాగలి పెట్టినట్టుందన్నాడు.

"రాగి తాగన్నా" అంది పక్కింటి కోటేశ్వరమ్మ,
ఆమె చెప్పింది జావ.
"రాగి తాగు సాయిబూ" అన్నాడు చీటీల పెంచల్రెడ్డి,
ఆయన చెప్పింది రాత్రంతా చెంబులో నిలవున్న నీళ్ళు.
మా చిన్నమ్మ కసుమూరు నుంచి కడియమే తెచ్చింది.
అబ్బ ఎవర్నీ నొప్పించడు. మూడూ చేశాడు.
మణికట్టు పచ్చబడింది.
షుగరు మూడొందల మీంచి లేవలేదు.

నెత్తుట్లో రాగినీ లెక్కపెడతాం మేము.
ఎవరూ అడగరు. మొన్న చేరిన గుండె డాక్టరమ్మ అడిగింది.
ఉండాల్సినదానికన్నా ఎక్కువొచ్చింది.

కాగితం వెనకవైపు బొమ్మ గీసి చెప్పిందామె:
తీపి ఏళ్ళ తరబడి నానితే
రక్తనాళాల గోడలకి పాకం పట్టినట్టు అవుతుందంట,
పోతా పోతా రాగి ఆ బంకకి అతుక్కుంటుందంట,
కూర్చున్నచోటల్లా గోడని కొరుకుతుందంట.
గుండె కండ లోపల మాత్రం
పొయ్యి రగలడానికి కావలసిన చిటికెడు రాగీ
కరువేనంట.
గడప బయట గాదె.
గడప లోపల ఆకలి.
"ఇంకా పూర్తిగా తేలలేదమ్మా,
అతుక్కున్న రాగిని లాగే మందు కొందరికిచ్చి చూశారు.
మీ నాన్నకి ఇప్పటికి మాత్రలూ నడకా"
అని పెన్ను మూసింది.

అబ్బ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"అంటే లోపల కళాయి పోయిందన్నమాట."
డాక్టరమ్మ నవ్వలేదు.
"అట్లాంటిదే" అంది.
"మళ్ళీ పుయ్యలేరా?"

అడిగాడు గానీ, జవాబు అతనికే తెలుసు.
గిన్నె ఖాళీ చెయ్యాల. ఇసకతో తోమాల.
నిప్పుల మీద బోర్లించి కాల్చాల.
ఇదేమో అరవై రెండేళ్ళుగా
పొయ్యి మీంచి దించని గిన్నె,
మసులుతానే ఉంది,
నిమిషం దించినా ఇల్లు ఆరిపోతుంది.

ఇంటికొచ్చి కడియం తీసి గూట్లో పెట్టాడు.
అటక మీంచి మూటొకటి దించాడు.
అందులో చిటికెనవేలంత తగరం మిగిలుంది.
కొలిమి లేదు, గ్యాసు పొయ్యి మీదే
ఆ మంచినీళ్ళ చెంబుకి కళాయి పూశాడు,
మూతి దాకా, ఒక్క మచ్చ లేకుండా.
"ఇంక దీంట్లో రాగి దిగదు కదబ్బా" అన్నాను.
"మజ్జిగ పోసుకోవచ్చు" అన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే స్వర్ణాల చెరువు కట్ట మీద
గస పోసుకుంటా నడుస్తాడు,
బెంచీ కనపడితే లెక్క తప్పిపోతాడు.
రాత్రి మాత్రలేసి దీపం తీసేస్తాను.
నిద్రలో అతని కుడి అరచెయ్యి
దుప్పటి మీద, ఎదకి కాస్త కింద,
గుండ్రంగా, నెమ్మదిగా
తిరుగుతానే ఉంటుంది,
వేళ్ళ మధ్య దూది ఉన్నట్టు.