గంటా ఇరవై నిమిషాలు

చెన్నై నుంచి మధురపూడికి
గంటా ఇరవై నిమిషాలంటుంది మీ కాగితం.
కాదనను షణ్ముగంగారూ.
కానీ ఇందాక ఫోనులో అడిగారు చూడండి,
విమానం ఎప్పుడో దిగిందే,
పిల్ల ఇంకా చెరువులో పడలేదేం అని,
అది వేను నడుపుతూ చెప్పే జవాబు కాదండి.

రొయ్యపిల్లకి వాచీ ఉండదు.
సంచిలో మీరు కొట్టిన గాలే దాని గడియారం.
మూతి మెలేసి రబ్బరు చుట్టిన నిమిషం నుంచీ
అరుగుతూనే ఉంటుంది,
విమానం లేచినా లేవకపోయినా.

ముప్పై రెండు అట్టపెట్టెలు.
కనురెప్ప వెంట్రుకలో ముక్కంత ప్రాణాలు.
అన్ని లక్షల మంది ప్రయాణికుల్లో
ఒక్కడికీ కిటికీ సీటు లేదు.

కార్గో గేటు దగ్గర సంతకానికి నలభై నిమిషాలు.
ఆయన టిఫినుకెళ్ళాడు.
వేమగిరి దాటి
కడియం మొక్కల లారీల వెనకాల ఈడ్చుకుంటూ
జొన్నాడ బ్రిడ్జి ఎక్కేసరికి
ఎండకి గోదారి రేకులా మెరిసిపోతోంది.
ఐసు ఎంత మిగిలిందో తడిమి చూశాను,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

పెనుగొండలో ఊరేగింపు.
పాలకొల్లులో రైలుగేటు.
ఇంజను ఆపి, వెనక తలుపు తీసి
పెట్టెకి చెవి ఆనించాను.
ఏం వినపడుద్దండీ?
ఏమీ వినపడదు.
పదకొండేళ్ళుగా ఆనిస్తూనే ఉన్నాను.

ఒకసారి చించినాడ దగ్గర టైరు పేలింది.
చీకటి పడ్డాక చేరాం.
సంచి విప్పితే
కుడితిలో తవుడు దిగినట్టు
అడుగున తెల్లగా పేరుకుని ఉంది మొత్తం.
ఆ రైతు నన్నొక్క మాట అనలేదు.
చెంబుతో మంచినీళ్ళిచ్చాడు.
తిట్టుంటే బాగుండేదండి.

మొగల్తూరు అవతల గట్టు మీద పెట్టెలు దింపాం.
దిగిపోయినట్టేగా అంటారు మీరు.
కాదు.
సంచులు విప్పకూడదు.
కట్టినవి కట్టినట్టే చెరువు మీద వదలాలి,
లోపలున్న మీ నీళ్ళూ బయటున్న మా నీళ్ళూ
ఒక్క వేడికి వచ్చేదాకా.
అరగంట. ఒక్కోనాడు ముప్పావుగంట.
ఏ టిక్కెట్టు మీదా ఎక్కని టైము అది.
కొప్పాడి వీరాస్వామి గొంతుక్కూర్చుని
బీడీ చేతిలో పెట్టుకుని ముట్టించడం మరిచిపోయాడు.
సంచులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
గాలివాటుకి మెల్లగా తిరుగుతున్నాయి.

అప్పుడు వాళ్ళావిడ మంగాయమ్మ
తెల్ల బేసినులో గ్లాసుడు పిల్ల పోసి
వేలితో నీళ్ళు గిర్రున తిప్పింది.
ఓపిక లేనివి సుడితో పాటు పోతాయండి.
ఉన్నవి
తలలు తిప్పి
ఎదురు ఈదుతాయి.
వంగి చూసింది. చాలాసేపు చూసింది.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
"వచ్చేశాయి" అంది.

రాసుకోండి షణ్ముగంగారూ,
మూడూ పది.