గుడ్డిపువ్వు

పత్తికాయను పైనుంచి చూసి
పురుగుందని ఎవ్వరూ చెప్పలేరు.
నున్నగ, పచ్చగ ఉంటది.
నాయన బొటనవేలి గోరుతో చీల్చి చూపించేదాక
నేనూ నమ్మలే.
లోపల గులాబీ రంగుల, ముద్దుగ,
గింజను తినుకుంట పండుకున్నది.
"కాయను కాదు బిడ్డా, పువ్వును చూడాలె.
విచ్చుకోలేక, రెక్కలు ఒకదాన్నొకటి కరుచుకున్న పువ్వు.
గుడ్డిపువ్వు. గక్కడ తెలుస్తది."

పరకాల కాడి రెండెకరాల చెలకల విన్న మాట
హన్మకొండల, నయీంనగర్‌ల, కిరాయింటి మూడో అంతస్తుల
నా ముప్పై నాలుగో ఏట అక్కరకొచ్చింది.

ఫోను ఊకెనే కాలేది.
ఎవ్వరూ ముట్టని నడిరాత్రి, దిండు కింద,
జొరమొచ్చిన పిల్ల నొసలు లెక్క.
నిండ చార్జింగ్ పెట్టుకొని పోతే
లాబ్‌ల పదో మనిషి రక్తం తీసేటాళ్లకే సగమయ్యేది.
పాతదైందంటివి.
నువ్వే కొనిచ్చిన ఫోను, నువ్వే అన్నీ ఎక్కించి ఇచ్చిన ఫోను,
ఎనిమిది నెల్లకే పాతదైందా?

అయినా గుడ్డిపువ్వు అది కాదు.
ఒకనాడు అన్నం కలుపుకుంట అడిగితివి:
"అశోకా జంక్షన్ల బజ్జీలు మంచిగున్నయా?"
సత్యవాణితోని తిన్న. నీకు చెప్పలే.
దాచాలని కాదు, చెప్పేటంత ముచ్చట కాదని.
నోట్లె ముద్ద నోట్లెనే ఆగింది.

నాయన చేన్ల లింగాకర్షక బుట్టలు కట్టేటోడు.
ఎర వాసనకు మగ రెక్కపురుగులొచ్చి పడేటివి.
నేనూ ఒకటి కట్టిన.
లాబ్ ఫోన్ నుంచి చెల్లెకు ముందుగాల్నే చెప్పి,
నా ఫోన్ల రాసిన:
"ఐతారం ములుగు పోతున్న, ఎవ్వరికీ అనకు."
శనివారం రాత్రి చెప్పులు విడుసుకుంట
గోడకు చెప్పినట్టు అన్నవు:
"ములుగు రోడ్డు మొత్తం తవ్వి పెట్టిన్రట."

పడ్డది.
పొయ్యి మీద పాలు పొంగుతుంటె
చూసుకుంట నిలవడ్డ.

చౌరస్తా కాడ, మెట్ల కింద, నౌషీన్ కొట్టు.
ఇరవై మూడేండ్లుంటయేమో, నోట్లె చిన్న స్క్రూ పట్టుకొని పనిచేస్తది.
ఫోను తీసుకొని చానసేపు వెతికింది.
గుర్తు లేదు, బొమ్మ లేదు,
"సిస్టమ్ సేవ" అని మర్యాదగల్ల పేరు.
మైకు, కెమెరా, నేనున్న జాగ, నా రాతలు:
అన్నిటికీ ఎవరో సరే అన్నరు, నా వేలితోనే.
ఆ పిల్ల ఒక్క మాట పైకి అనలే.
బిల్లు వెనుక రాసి నా దిక్కు తిప్పింది:

తీసెయ్యకు అక్కా. తీస్తే అవతల తెలుస్తది.
వేరే ఫోన్‌తో ఫొటోలు తీస్కో.
పాస్‌వర్డులు వేరే కంప్యూటర్ల మార్చు, దీంట్లె వద్దు.
కింద, కొంచెం ఆగి రాసినట్టు:
ఇంటికి పోవుడు భద్రమేనా?

ఆ ఆఖరి వరుస నాలుగుసార్లు చదివిన.
ఏడేండ్లల్ల నన్నెవ్వరూ అడగలే.

తొమ్మిది రోజులు ఫోన్‌కు సంసారం వినిపించిన.
పెసరపప్పు ఒడిసిందన్న. టీవీ సౌండు పెంచిన.
నువ్వు వింటున్నవని తెలిసి
నీతోని అంత మంచిగ ఎప్పుడూ మాట్లాడలే.
పదోనాడు దాన్ని వంటింట్లె రేడియో పక్కన పండవెట్టి
నా సర్టిఫికెట్లు, నౌషీన్ తీసిచ్చిన ఫొటోలు పట్టుకొని
సఖి కేంద్రానికి నడిచే పోయిన.
ఆటో ఎక్కలే. ఎందుకో కాళ్లనే నమ్మబుద్ధయింది.

"ఎప్పటి నుంచమ్మా?" అని అడిగింది రాసుకునే మేడం.
ఎనిమిది నెల్లని చెప్పబోయి ఆగిన.
జీతం కాయితం నువ్వు విప్పి నాకిచ్చినప్పటి నుంచా?
సత్యవాణి నవ్వు నీకు నచ్చలేదన్నప్పటి నుంచా?
పురుగు కాయలకు ఎప్పుడు దూరిందో
నాయనకు కూడా తెల్వకపోయేది.
పంట ఒడిసినంక కట్టె పీకి కాలవెట్టమనేది, అంతే.

ఇప్పుడు నా చేతుల బటన్ల ఫోను.
చెల్లె ఎత్తి "చెప్పు" అంటది.
చెప్పేదుంటది, చానా.
కని ముందుగాల ఒకపారి
అరచేతిల పట్టి చూస్త,
సల్లగున్నదా అని.