మేకపిల్ల మీద పాఠాలు

బాజెల్‌లో దాన్ని మేకపిల్ల అంటారు.
మూడు కర్ర కాళ్ళు, నెత్తిన బెత్తెడు రబ్బరు.
మేత అడగదు, అరవదు,
తప్పు కొడితే మాత్రం దాచిపెట్టదు.

మంగళవారం సాయంత్రాలు
వ్రేని ట్షూడిన్ ఇంటి నేలమాళిగ.
బంగాళాదుంపల బస్తాల నడుమ
ఆమే, నేనూ, మేకపిల్లా,
అరవై దగ్గర నింపాదిగా టిక్కుమనే మెట్రోనోమూ.

"కుడి రెండు, ఎడమ రెండు.
నాన్న నాన్న, అమ్మ అమ్మ.
ఇంకోసారి.
ఏమయ్యా, మీ నాన్న రాయిలా ఉన్నాడు,
మీ అమ్మకేమన్నా జ్వరమా?"

నేను రొట్టెలవాణ్ణి.
ముప్పై ఏళ్ళుగా రాత్రి రెండింటికి లేచి
పిండితో కుస్తీ పట్టిన చేతులివి.
బలం ఉందనుకున్నాను.
"బలం ఎవడిక్కావాలి?
పడ్డ కర్ర తనంతట తనే లేస్తుంది.
దానికి అడ్డం రాకు, చాలు."

ఇరవై రాపెన్ల నాణెం రబ్బరు మీద పెట్టి
చుట్టూ సుద్దతో గీసి, నాణెం తీసి జేబులో వేసుకుంటుంది.
రెండు మొనలూ ఆ సున్నాలోనే దిగాలి.
మోచేతికీ డొక్కకీ మధ్య అగ్గిపెట్టె.
జారితే మళ్ళీ మొదటికి.
డిసెంబరంతా నేను నేర్చుకున్నది
వంగి అగ్గిపెట్టెలు ఏరుకోవడం.

ఆమెకి ఎవరూ సున్నా గీసి పెట్టలేదు.
పాఠం అన్నకి, మేడ మీద.
ఆడపిల్లకి డోలెందుకన్నారు.
కింద వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ
కప్పులోంచి రాలే ఒక్కొక్క దెబ్బనీ
చెక్కపలక మీద కత్తితో పట్టుకుంది.
అన్న తప్పులు కూడా పట్టుకుంది.
పదిహేను దెబ్బల పిలుపులో
ఆఖరిది ఇప్పటికీ వెంట్రుకవాసి ఆలస్యం.
"దిద్దుకోలేదేం?" అన్నాను.
కర్రలు గుడ్డతో తుడిచింది.
"వాడు పోయి పంతొమ్మిదేళ్ళు.
నువ్వు మాత్రం దిద్దుకో."

జనవరిలో కుడిచేతికి సెలవిచ్చాను.
పళ్ళు ఎడమచేత్తో తోమాను,
తాళం ఎడమచేత్తో తీశాను,
సూపు చొక్కా మీద ఒలకబోసుకున్నాను.
కోర్నీలియా కొన్నాళ్ళు నవ్వింది, తర్వాత
నా పళ్ళెం పక్కన చెంచా అటువైపు పెట్టసాగింది.
పొయ్యి వేడెక్కేలోగా
పిండి డబ్బా మూత మీద అమ్మ అమ్మ అమ్మ అమ్మ,
ఎనభై, ఎనభై నాలుగు,
తడబడితే మళ్ళీ అరవై.
ఒక తెల్లవారుజామున, ఎప్పుడో తెలీదు,
దెబ్బలు విడివిడిగా వినబడటం మానేశాయి.
మూత మీద ఎవరో బఠాణీలు ఒంపుతున్నట్టు
ఒకటే ధార.
కొట్టేది నేనేనా అని చేతుల వైపు చూశాను.
చూడగానే చెదిరింది.

మంగళవారం దాకా ఆ ధారని ఒలక్కుండా మోసుకెళ్ళాను.
వ్రేని కళ్ళు మూసుకుని విన్నది.
మెచ్చుకుంటుందని మెడ కాస్త నిక్కించాను.
"ఎడమ బాగుంది," అంది.
"ఇప్పుడు కుడి వెనకబడింది."

పండగ సోమవారం, నాలుగు గంటలు.
ఊరి దీపాలన్నీ ఒక్కసారిగా ఆరాయి.
మాస్కు లోపల నా ఊపిరే నాకు చెమ్మ.
తలల మీది లాంతర్లు కదిలాయి,
ముప్పై డోళ్ళు ఒక్క కాలితో అడుగేశాయి.
సుద్దగీత లేదు, మెట్రోనోమ్ లేదు,
చలికి వేళ్ళు ఎవరివో అయిపోయాయి.
పదిహేను దెబ్బల పిలుపు వచ్చింది.

ముప్పై డోళ్ళలో ఆమె ఎక్కడుందో చీకట్లో కూడా తెలిసింది,
ఎడమపక్క, రెండు వరసల వెనక,
వెంట్రుకవాసి తర్వాత.

సందు మలుపులో పిలుపు మళ్ళీ వచ్చింది.
ఈసారి నా కర్రల మీదే చెవి పెట్టాను.
నాదీ తర్వాతే.

ఎప్పుడు అంటుకుందో, ఏ మంగళవారమో.
అగ్గిపెట్టె జారలేదు, సున్నా దాటలేదు,
అయినా వచ్చి చేరింది.
దిద్దుకోమంది కదా.
చూద్దాం.
ఆరింటికి కొట్టు తెరవాలి,
ఉల్లిపాయ టార్టులు ఇంకా పొయ్యిలో పెట్టలేదు.