తోడుకి గరిటెడు

గిరింపేటలో టైర్లంగడి పైన మా గది.
మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన,
కిటికీ తీస్తే
బెల్లం లారీలతో పాటు వచ్చిన ఈగలు.
ముగ్గురం మనుషులం, రెండు కుర్చీలు.
అంగళ్లకు వెబ్‌సైట్లు చేసిస్తాం.

ఏడేళ్లుగా ఒకటే పద్ధతి:
పాత ఫోల్డరు కాపీ కొట్టు, రంగు మార్చు, బిల్లు రాయి.
"కొత్తది", "కొత్తది రెండు", "అసలైన కొత్తది",
"ఇదే ఫైనలు, రెడ్డెప్పా ముట్టుకోవద్దు".

మొన్న మే నెలలో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఫోల్డర్లోంచి
బెల్లం మండీ చెంగల్రాయుడికి సైటు తీసినాం.
పసుపు పోయి గోధుమరంగు వచ్చింది.
అడుగున మాత్రం, చీమ తలకాయంత అక్షరాల్లో
గుజ్జు వాళ్ల నంబరు అట్లే ఉండిపోయింది.
మూడు రోజులు
వేలూరు నుంచి, కోలారు నుంచి బెల్లం అడిగినోళ్లకి
తోతాపురి టిన్ను రేటు చెప్పినారంట.

చెంగల్రాయుడు వచ్చి కేకలెయ్యలేదు.
నేను లేచిన కుర్చీలో కూర్చుని
"మీ ఇంట్లో పాలెట్ల తోడేస్తారమ్మా?
నిన్నటి పెరుగు చట్టి చట్టీ గుమ్మరిస్తారా?"
అనడిగి, నీళ్లు తాగి, పొయ్యినాడు.

ఆ రాత్రే తీసెయ్యడం మొదలుపెట్టినా.
ఎవరిదో మామిడి తోట ఫోటో.
ఎవరూ అడగని, దానంతటదే జరిగే బొమ్మల వరుస.
కనకాంబరం రంగు బటన్.
ఒక చోట నేనే రాసుకున్న మాట:
"ఇది తీస్తే అంతా కూలిపోతుంది, దండం."
తీసినా. ఏమీ కూలలేదు.
ఏడేళ్లు దేనికి దండం పెట్టినానో!

ఒక పేజీ మిగిలింది, ఒక స్టైలు ఫైలు, ఇంత స్క్రిప్టు,
ఏది యాడ పెట్టుకోవాలో చెప్పే నాలుగు ఖాళీ ఫోల్డర్లు.
ఇంక మూట కట్టాల.
సద్ది కట్టిన చేతులే, అయినా ఇది కొత్త.
ముడి విప్పేవాళ్ల పక్కన నేనుండను.
మూటలో ఏది పోవాలో ఒక జాబితా రాసినా,
ఏది పోకూడదో ఇంకొకటి.
రెండోదే పొడుగు.

కుప్పంలో మునీశ్వరికి పంపినా.
డిగ్రీ రెండో ఏడు. మామ వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్.
"నల్ల తెర తెరిచి ఈ ఒక్క వరుస కొట్టు, చాలు" అన్నా.
ఆ కీబోర్డులో 'ఐ' ఊడిపొయ్యిందంట.
ఇన్‌స్టాల్‌కి కావాల్సిన ఆ ఒక్క అక్షరాన్ని
యాడినుంచో కాపీ తెచ్చి అతికించింది.

నాలుగు నిమిషాలు తిరిగింది చక్రం.
తర్వాత ఎర్రగా బారెడు అక్షరాలు.
"అక్కా, ఇందులో మీ పేరుండాది."

చూస్తే నిజమే.
హోమ్, గీర్వాణి, పనులు, పాతవి, ఇంకా పాతవి...
నా మూట కుప్పం పొయ్యి
వీధి వీధీ నా ఇల్లు వెతుక్కుంటా ఉండాది.
"నా మెషీన్లో బాగనే ఉండాదే!" అన్నా.
రెడ్డెప్ప తలెత్తి చూసినాడు.
వాడా మాట అన్నప్పుడల్లా తిట్టింది నేనే.

గుజ్జు వాళ్లను తీసినా, బెల్లాన్ని తీసినా,
నన్ను తీయడం మరిచినా.
ఏడు చోట్ల ఉన్నా నేను.
ఏడోది దొరికేసరికి
కింద టైర్లంగడి షట్టరు ఎత్తుతా ఉండారు.

ఒకటి చుక్క సున్నా చుక్క ఒకటి.
ఏం మారిందో రాయమని అడిగింది యంత్రం.
"నన్ను తీసేసినా" అని రాసి,
చెరిపి,
"చిన్న సవరణ" అని రాసినా.

మధ్యాహ్నం ఫోను.
"అక్కా, వచ్చింది."
"ఏమొచ్చింది?"
"ఏం లేదు. అంతా తెల్లగా ఉండాది.
నడిమధ్యలో 'మీ అంగడి పేరు' అని ఉన్నింది.
వాళ్లమ్మ పట్టుగూళ్ల షెడ్డు పేరు పెట్టేసినా,
మా పక్కింటి పాపది. పెట్టొచ్చు కదా?"

పక్కింటికి అప్పుడే ఒక గరిటె పొయ్యింది.
"పెట్టొచ్చు" అన్నా.
"అడుగున నంబరు మాత్రం
రెండు సార్లు చూసుకో."